ముందుగా పోయి చూసొచ్చే సారు

వనపర్తిలో ఆ సాయంత్రం సంతాప సభ జరిగింది. ఒక బడి హాల్లో నలభై కుర్చీలు వేస్తే ఇరవై నిండాయి. బల్ల మీద పోయినాయన ఫొటో పెట్టారు. పోయినాయనకూ నాకూ ఒకప్పుడు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి మైకు అందుకుని గొంతు సవరించుకున్నాడు.

“మెత్తటి మనిషి. కాస్త భయస్థుడు. పిల్లలను నాలుగు చోట్లు తిప్పుకొద్దామంటే వెనకాముందాడేవాడు. అయినా మంచివాడు. అటువంటివాళ్లు అరుదు.”

నేను లేచి నిలబడ్డాను. రెండు నిమిషాలు మాట్లాడతానన్నాను. సభ నడిపిస్తున్న టీచరు గడియారం చూసుకుని, “టైం అయిపోయింది మేడం. చాయ్ వస్తున్నది, కూసోండ్రి” అన్నాడు. నేను చాయ్ కోసం ఆగలేదు. నాగర్‌కర్నూల్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.

పొగిడినట్టే పొగిడి, ఒక మనిషి బతుకంతా చేసిన పనిని ఒక్క మాటతో తుడిచేశారు. అక్కడ నాకివ్వని రెండు నిమిషాలు ఇక్కడ నేనే తీసుకుంటున్నాను.

ఆయన మా బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు. పిల్లలకు పీటీ సారు. గద్వాల మనిషి. అక్కడి ముస్లిం కుటుంబం, తండ్రి సైకిళ్లు బాగు చేసేవాడట. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, వనపర్తికి గంట దూరంలో ఉన్న ఒక ఊరి హైస్కూలుకు నేను జీవశాస్త్రం చెప్పడానికి కొత్తగా వెళ్లాను. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరువేరు జిల్లాలు కాలేదు. అన్నీ పాలమూరే. చేరిన మొదటి వారంలోనే స్టాఫ్‌రూంలో ఆయనకున్న రెండో పేరు తెలిసింది. పరేషాన్ సారు, అంటే ఊరికే కంగారు పడే సారు.

పిల్లలను బయటికి తీసుకుపోయే రోజున ఆయన్ను చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలిసేది. తెల్లారకముందే బడి ముందు నిలబడి ఉండేవాడు. బస్సు రాగానే చుట్టూ ఒకసారి తిరిగి టైర్లు కాలితో తన్ని చూసేవాడు. తర్వాత డ్రైవర్ కిటికీ దగ్గరికి పోయి, “రాత్రి ఎన్నింటికి పండుకున్నవు భాయ్?” అని అడిగేవాడు. డ్రైవర్ నవ్వేవాడు. ఈయన నవ్వేవాడు కాదు, జవాబు కోసం నిలబడేవాడు. నీళ్ల డబ్బా మూత తీసి వాసన చూసేవాడు. వంట మనిషి చేసిన పులిహోర ముందు తనే ఒక ముద్ద తిని, కాసేపాగి, ఆ తర్వాతే పిల్లలకు పెట్టనిచ్చేవాడు. రోడ్డు మీద పిల్లలు వరుసలో నడుస్తుంటే తను ముందు ఉండి వెనక్కి నడిచేవాడు. పిల్లల వైపు మొహం, పోవాల్సిన దారి వైపు వీపు. మడమలతో దారి చూసుకునే మనిషిని నేను ఆయన్నొక్కణ్నే చూశాను.

భుజానికి ఒక గుడ్డసంచి ఉండేది. అందులో దూది, అయోడిన్, గ్లూకోజు పొట్లాలు, టార్చిలైటు, ఉతికి మడతపెట్టిన పాత చీర ముక్కలు ఉండేవి. వాటికంటే ముఖ్యమైంది ఒక చిన్న నోటుబుక్కు. అందులో మార్కులు ఉండవు. ఎవరికి మూర్ఛ వస్తుంది, ఎవరికి సందె చీకట్లో కళ్లు కనబడవు, ఎవరు నిద్రలో లేచి నడుస్తారు, ఎవరికి పల్లీలు పడవు అని రాసుకునేవాడు. ఈ సంగతులు మేమెవరమూ చెప్పినవి కావు. ఇంటింటికీ పోయి తల్లులను అడిగి తెచ్చుకున్నవి. నా తరగతిలోని ఒక అమ్మాయికి మూర్ఛ ఉందని నాకు ఆయన నోటుబుక్కు వల్లనే తెలిసింది. అంతకు ముందు వారమే ఆ పిల్లను హోంవర్కు రాయలేదని ఎండలో నిలబెట్టాను. ఆయన నన్నేమీ అనలేదు. “ఆమెను జర నీడకే ఉంచుండ్రి మేడం” అన్నాడు, అంతే.

ఎక్కడికైనా పోవాలని అనుకున్నామంటే ఆయన మొదటి మాట ఒకటే. “ఆదివారం నేనొకసారి పోయొస్త.” సెలవు రోజున ఎర్రబస్సు ఎక్కి పోయేవాడు. పిల్లలు నడవబోయే దారంతా ముందు తను నడిచి వచ్చేవాడు.

ఆ ఏడు గద్వాల కోటకు తీసుకుపోయాం. తను పుట్టి పెరిగిన ఊరు, చిన్నప్పుడు గోలీలాడుకున్న కోట. అయినా ముందు ఆదివారం పోయొచ్చాడు. మేం వెళ్లేసరికి కూలిపోయే మెట్ల మీద సుద్దముక్కతో అడ్డగీతలు గీసి ఉన్నాయి. ఒక దర్వాజా కింద పిల్లలందరినీ ఆపి, గొంతు తగ్గించి చెప్పాడు. “మీద చూడుండ్రి. పెద్ద తేనెతుట్టె ఉన్నది. దీని కింద అరవద్దు, రాయి ఇసరద్దు. దాటినంక ఎంత అరుస్తరో అరువుండ్రి.” నూట ఇరవై మంది పిల్లలు పిల్లుల్లాగా నడిచి దాటారు. దాటాక వాళ్లు అరిచిన అరుపులకు పావురాలన్నీ లేచాయి. ఆయన చెవులు మూసుకుని నవ్వాడు.

ప్రతి పిల్లకూ ఒక జోడీ ఉండేది. దారిలో ఎక్కడైనా సరే ఉన్నట్టుండి ఈల వేసి, “నీ జోడి ఏడున్నది?” అని ఎవరినో ఒకరిని అడిగేవాడు. జోడీ చెయ్యి పట్టుకుని పైకెత్తి చూపాలి. మా లెక్కల సారు దీన్ని చూసి, “ఇది విహారయాత్రనా, జైలా?” అనేవాడు. కానీ పిల్లలకు అదొక ఆట. బడి అయిపోయాక ఊళ్లో కూడా ఆ ఆట ఆడుకునేవారు.

కోట నుంచి వస్తూ బస్సులో ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగాను.

“సార్, మీరు ఇంత భయపడతారంటే ఏదో జరిగే ఉంటుంది. ఎప్పుడన్నా ఒక పిల్లవాడు పోయాడా మీ చేతుల్లో?”

ఆయన నా వైపు తిరిగాడు. అంత కోపం ఆయన మొహంలో అంతకు ముందు చూడలేదు.

“ఎవ్వరు పోలే మేడం. ఇరవై ఏండ్ల సర్వీసుల ఒక్క పిల్లగాని గోరు గూడ ఊడలే. అందరు గిదే అడుగుతరు. ఎవరన్న సచ్చిపోతెనే జాగర్త పడాల్నా? సావకముందు జాగర్త పడితే పిచ్చోడా?”

కాసేపటికి ఆయనే మెత్తబడ్డాడు. “ఇంటికాడ అమ్మ పొద్దుగాల నాలుగింటికి లేసి జడేసి పంపుతది. ఆ జడ ఊడకుంట మల్ల ఇంటికి పోవాలె. గంతే నాకు తెలిసింది” అన్నాడు.

మరుసటి ఏడు ఆగస్టులో పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నాగర్‌కర్నూల్ అవతల గుట్టల్లో కొత్తగా ఒక ప్రకృతి శిబిరం పెట్టారు. ప్రతి హైస్కూలూ ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను నలభై మందిని రెండు రోజులు అక్కడికి పంపాలి. చెట్లు, పిట్టలు గుర్తుపట్టడం, గుడారాల్లో పడుకోవడం, తాళ్ల వంతెన దాటడం, చెరువులో పడవ నడపడం. కాగితం చదివి నేను సంబరపడ్డాను. ఆయన నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. నల్లబోర్డు మీద తప్ప అడవిని చూడని పిల్లలు మరి.

“ఆదివారం పోయొస్త. మీరు గూడ రావాలె మేడం” అన్నాడు. “ఆడపిల్లలు పండుకునే కాడ ఏమేం చూడాలెనో నాకు తెల్వదు. మీకు తెలుస్తది.”

తనకేం తెలియదో ఒప్పుకునే మగ ఉపాధ్యాయుడు నాకు ఆయనొక్కడే తగిలాడు. నాగర్‌కర్నూల్ దాకా బస్సులో, అక్కణ్నుంచి ఆటోలో పోయాం. ఆటో ఎక్కగానే ఆయన చేతిగడియారం చూసి టైం రాసుకున్నాడు.

శిబిరం మేనేజరు మమ్మల్ని మర్యాదగానే తిప్పాడు. కొత్త రంగులు, స్వాగత తోరణం, జింకల బొమ్మలు. వాగు మీద రెండు బండల నడుమ తాళ్ల వంతెన కట్టారు. కింద రెండు నిలువుల లోతు, అడుగంతా రాళ్లు. ఆయన చెప్పులు విప్పి బండ చివరిదాకా పాకి పోయి, తాడు బండను ఒరుసుకునే చోట వేళ్లతో తడిమాడు. నన్ను పిలిచి చూపాడు. తాడు అక్కడ పీచు లేచి, నా బొటనవేలంత సన్నబడింది.

“తలకు పెట్టుకునే టోపీలు ఎన్నున్నయి?” అని అడిగాడు.

“నాలుగు” అన్నాడు మేనేజరు.

“నలభై మంది వస్తరు గద?”

“ఒకరి తర్వాత ఒకరు ఎక్కుతరు సార్. మార్చుకుంటరు.”

“పడవల తొడుక్కునే జాకెట్లు?”

“తెప్పిస్తున్నం.”

“ఫోను?”

ఆఫీసు గదిలో చెక్కపెట్టెలో తాళం వేసి ఉంది ఫోను. తాళంచెవి మేనేజరు దగ్గర. అతను రోజూ సాయంత్రం ఐదింటికి నాగర్‌కర్నూల్‌కు ఇంటికి పోతాడు. సెల్లుఫోనుకు అక్కడ సిగ్నలు లేదు.

నేను ఆడపిల్లల గది చూడటానికి పోయాను. పొడుగాటి రేకుల షెడ్డు. స్నానాల గదులు ఐదు. తలుపులకు లోపల గడియలు లేవు. గడియలన్నీ బయటివైపు ఉన్నాయి. బయటికి వచ్చి ఆయనకు చెప్పాను. ఆయన నోటుబుక్కులో రాసుకుని, పెన్సిలుతో ఆ లైను కింద రెండుసార్లు గీత గీశాడు.

తిరిగి వచ్చేటప్పుడు దగ్గరలో ఉన్న చిన్న దవాఖానకు ఆటో పోనిచ్చాం. ముప్పావు గంట పట్టింది. పాముకాటు మందు ఉందా అని అడిగాడు. అక్కడున్న నర్సమ్మ, పాపం, ఉన్నదున్నట్టే చెప్పింది. “లేదు సార్. పెద్ద దవాఖానకే పోవాలె.”

నేను అప్పటికే ఈ యాత్ర వద్దనుకున్నాను. ఆయన వద్దనలేదు. ఈ మాట నేను గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇదే అందరూ తలకిందులు చేసి చెప్పారు. ఆయన రాసిన ఉత్తరంలో ‘పంపవద్దు’ అన్న మాట ఎక్కడా లేదు. తొమ్మిది పనులు రాశాడు. తాడు మార్చాలి. బండ అంచుకు గోనెగుడ్డ చుట్టాలి. గడియలు లోపలికి బిగించాలి. ఫోను తాళంచెవి పిల్లలతో వచ్చిన టీచరు దగ్గర ఉండాలి. పిల్లలున్న రెండు రోజులూ ఒక జీపు శిబిరంలోనే ఆగాలి. ఇట్లాంటివి. చివర, “ఇవి చేస్తే మొదటి బ్యాచి నేనే తోలుకొస్త” అని మాట్లాడినట్టే రాసి, నాకు చూపిస్తే నేను ‘తీసుకువస్తాను’ అని దిద్దాను. నేనూ సంతకం పెడతానంటే ఒప్పుకోలేదు. “మీరు కొత్తగ వచ్చిండ్రు. మిమ్ముల పరేషాన్ చేస్తరు” అన్నాడు.

హెడ్మాస్టరు ఆ ఉత్తరాన్ని స్టాఫ్‌రూంలో అందరి ముందు చదివాడు. చదువుతూ మధ్యలో ఆగి నవ్వాడు.

“నువ్వు పీఈటీవా, ఇంజనీరువా? గడియలు, గోనెగుడ్డలు. ఎవరడిగారయ్యా నిన్ను? ఆ శిబిరం ఎవరిదో తెలుసా?”

“తెలుసు సార్. పెద్దోళ్లది. తాడుకు తెల్వదు గద సార్, ఎవరిదో.”

స్టాఫ్‌రూంలో ఎవరూ నవ్వలేదు. హెడ్మాస్టరు ఉత్తరాన్ని సొరుగులో పడేశాడు. నాలుగో రోజున పీటీ సారు చేతికి మెమో వచ్చింది. విధుల పట్ల నిర్లక్ష్యం, పై అధికారుల ఆదేశాలను ధిక్కరించడం. ముందుగా పోయి చూసొచ్చిన వాడిది నిర్లక్ష్యమట. చూడకుండా సంతకం పెట్టిన వాళ్లది విధి నిర్వహణట.

యాత్రకు లెక్కల సారును, నన్ను వేశారు. తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించుకురమ్మని నలభై కాగితాలు ఇచ్చారు. ఆ కాగితం ఆయన చేతికి నేనే ఇచ్చాను. పై నుంచి కింది దాకా చదివాడు. ‘నా కుమారుడు / కుమార్తెను నా ఇష్టపూర్వకంగా పంపుతున్నాను. ఏదైనా జరిగినచో పాఠశాల వారికి ఎటువంటి బాధ్యత లేదు.’ అంతే ఉంది.

“ఇదేనా మేడం? ఇంకో కాగితం లేదా?”

“ఇదే సార్.”

“పిల్లకు ఏమన్న అయితే ఎవరిది జిమ్మేదారి కాదో రాసుకున్నరు. పిల్లకేం కాకుంట ఏం జేస్తరో ఏడ రాసిండ్రు?”

నేను ఇప్పుడు పనిచేస్తున్న బడిలో కూడా అదే కాగితం నడుస్తోంది, అక్షరం మారకుండా.

ఆ సాయంత్రం ఆయన కాగితాలు పట్టుకుని ఇండ్లకు బయలుదేరాడు. నేనూ వెంట పోయాను. ఎవరినీ భయపెట్టలేదు. చదవడం రాని తల్లిదండ్రులకు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాడు. మేం చూసొచ్చింది చూసినట్టు చెప్పాడు. అడిగితే జవాబు చెప్పాడు, అడగనిది కల్పించలేదు. ఒక ఇంట్లో ఉల్లిగడ్డలు ఏరుతున్న తల్లి చేతులు ఆపి విన్నది.

“గడియలు బయటికున్నయా సారూ?”

“అవునమ్మా. మేడం చూసొచ్చింది.”

ఆమె నా వైపు చూసింది. నేను తలూపాను.

“అయితే మా పిల్ల రాదు. రాసుకోండ్రి” అన్నది, వేలిముద్ర వేయాల్సిన కాగితాన్ని తిరిగి ఇచ్చేస్తూ.

నలభై కాగితాల్లో మూడింటికి మాత్రమే సంతకాలు పడ్డాయి. యాత్ర రద్దయింది. తల్లిదండ్రులను రెచ్చగొట్టాడని ఆయన మీద రెండో మెమో వచ్చింది. దసరా సెలవులు కాకముందే గద్వాల అవతల ఒక ఊరికి బదిలీ చేశారు. సొంత ఊరి వైపే పంపాం గదా, ఉపకారమే చేశామని హెడ్మాస్టరు చెప్పుకున్నాడు. పోయే రోజు ఆయన నోటుబుక్కును నా చేతిలో పెట్టి, “మూర్ఛ పిల్ల మాత్ర మరుస్తది, జర అడుగుతుండుండ్రి” అని చెప్పి బస్సెక్కాడు.

నవంబరులో పక్క మండలం బడి పిల్లలు ఆ శిబిరానికి వెళ్లారు. రెండో రోజు సాయంత్రం తొమ్మిదో తరగతి అమ్మాయి వంతెన మీద ఉండగా తాడు తెగింది. నడుము రాళ్లకు తగిలేలా కింద పడింది. మేనేజరు అప్పటికే ఇంటికి పోయాడు. ఫోను పెట్టెలో ఉంది. ఒక టీచరు రోడ్డు దాకా పరుగెత్తి, ట్రాక్టరును ఆపి తెచ్చాడు. నడుము విరిగిన పిల్లను ట్రాక్టరు తొట్లో గుంతల రోడ్డు మీద తీసుకుపోయారు. పెద్ద దవాఖాన చేరేసరికి నాలుగు గంటలు దాటింది. ప్రాణం దక్కింది. కుడికాలు పట్టు తప్పింది.

విచారణ వేశారు. గద్వాల నుంచి ఆయన్ను, మా బడి నుంచి నన్ను పిలిచారు. అలాంటి ఉత్తరమేదీ తన దాకా రాలేదని హెడ్మాస్టరు చెప్పాడు. అందరి ముందు నవ్వుతూ చదివిన ఉత్తరం. స్టాఫ్‌రూంలో ఆ రోజు హెడ్మాస్టరు కాక తొమ్మిది మందిమి ఉన్నాం. ఏడుగురు గుర్తులేదన్నారు. చూశాను, విన్నాను, శిబిరానికి కూడా వెళ్లానని నేను రాసిచ్చాను. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదని ఒక పెద్దాయన వరండాలో మెల్లగా గుర్తుచేశాడు.

పీటీ సారు తన దగ్గరున్న ఉత్తరం రెండో ప్రతి తీసి బల్ల మీద పెట్టాడు. విచారణాధికారి దాన్ని పూర్తిగా చదివాడు, ఆ మాట ఒప్పుకోవాలి. చదివి, “శిబిరాన్ని తనిఖీ చేసే అధికారం మీకు లేదు కాబట్టి దీన్ని పరిగణనలోకి తీసుకోలేం” అన్నాడు. నివేదికలో చివరి మాట ‘ప్రమాదవశాత్తు’.

బయటికి వచ్చాక చింతచెట్టు కింద ఆగాం.

“పాము కరిస్తే ప్రమాదం మేడం. పిడుగు పడితే ప్రమాదం. తాడు అరిగింది అని రాసిచ్చినంక తెగితే దాన్ని ఏమంటరో నాకు తెల్వదు. ప్రమాదం మాత్రం అనరు.”

తర్వాత కొన్నాళ్లకు మా బడి టీచర్లు ఒకరిద్దరు గద్వాలలో ఆయన్ను కలిసి, మీరు చెప్పిందే నిజమైంది సార్ అన్నారట. వాళ్లను ఇంట్లోకి రానివ్వలేదని విన్నాను. నిజమేనా అని అడిగితే తల ఊపాడు.

“నా మాట నిజమైనందుకు సంబరమా? ఆ పిల్ల మంచంల ఉన్నది.” మళ్లీ తనే అన్నాడు. “మన నలభై మందిని ఆపి నేను చేతులు దులుపుకున్న మేడం. పక్క బడికి ఎందుకు పోలే నేను? సైకిలు మీద పోతె గంటన్నర దారి. నా పిల్లలే పిల్లలనుకున్న.”

మెమోలు ఇచ్చినవాళ్లు, ఉత్తరం దాచినవాళ్లు, గుర్తులేదన్నవాళ్లు, వీళ్లెవరికీ లేని నేరభావం ఆయనకుంది. అదే నాకు ఇప్పటికీ మండిపోయే విషయం. తప్పు చేయని మనిషి ఒక్కడే తప్పు ఒప్పుకున్నాడు.

ఒప్పుకుని ఊరుకోలేదు. అప్పటి నుంచి ఆదివారాలు ఇతర బడుల టీచర్ల ఇండ్లకు తిరిగాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఎక్కడ ఏ బడి పిల్లలు ఎక్కడికి పోతున్నారని తెలిసినా చేత్తో రాసిన తొమ్మిది పనుల కాగితం పట్టుకుని పోయేవాడు. కొందరు కూర్చోబెట్టి విన్నారు. కొందరు ఇంట్లో లేనని లోపలి నుంచే చెప్పించారు.

పడిపోయిన అమ్మాయి ఇంటికి కూడా నెలకోసారి పోయేవాడు. మొదటిసారి ఆ తల్లి గడపలోనే నిలదీసిందట. “ఆ పొద్దు మాకెందుకు చెప్పలే సారూ?” ఆయన వెనక్కి తిరిగి వచ్చాడు. మళ్లీ నెల పోయాడు. వ్యాయామాలు నేర్పాడు. మంచం పట్టె పట్టుకుని నిలబడటం, గోడ పట్టుకుని నడవడం, తర్వాత కర్ర. ఏడాదిన్నర పట్టింది. పిల్ల పదో తరగతి ఇంటి దగ్గరే చదివి పాసైంది. కానీ గడప దాటనిచ్చేది కాదు తల్లి. బయటికి పంపితే ఏమైందో చూసింది గదా.

ఒకరోజు నాకు ఫోను చేశాడు. ఆ పిల్ల పాన్‌గల్ గుట్ట ఎక్కుతానంటోందట. కోట చూడాలట. తల్లి ఒప్పుకోవడం లేదు. “నేనొక్కన్నే అడిగితె నమ్మదు మేడం. మీరు జర మాట్లాడుండ్రి.” నేను పోయి మాట్లాడాను. తనూ వెంట వస్తేనే అన్నది తల్లి.

ముందు ఆదివారం ఆయన గుట్టకు పోయాడు. నేనూ పోయాను. ఒక కర్ర తెచ్చుకున్నాడు. కుడికాలు బిగబట్టి, బరువంతా కర్ర మీద, ఎడమకాలి మీద వేసి, ఆ పిల్ల నడిచినట్టే ఒక్కో మెట్టూ ఎక్కాడు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. చెమటతో అంగీ వీపుకు అంటుకుపోయింది. ఎక్కడ ఊపిరి ఆడకపోతే అక్కడ ఆగి, అక్కడ కూర్చోవడానికి బండ ఉందో లేదో చూశాడు. లేనిచోట రాళ్లు దొర్లించి తనే ఒక అరుగు పేర్చాడు. గొర్లు కాస్తున్న తాత కాసేపు చూసి, “కాలికేమైంది సాయబూ?” అని అడిగాడు. “నాకేం కాలే తాతా. వచ్చే వారం ఒక బిడ్డ వస్తది. ఆమెకేం గావద్దని చూస్తున్న” అన్నాడు.

మరుసటి వారం అమ్మాయి వచ్చింది, తల్లి వచ్చింది. అమ్మాయి కర్ర ఊతతో ఎక్కుతుంటే ఆయన ఒక మెట్టు కింద, చెయ్యి చాపి, ముట్టుకోకుండా నడిచాడు. పేర్చిన అరుగుల మీద కూర్చుంటూ, లేస్తూ, పిల్ల మొదటి దర్వాజా చేరడానికి గంట పైగా పట్టింది. అక్కడ దర్వాజా రాయికి వీపు ఆనించి నిలబడి కిందికి చూసింది. చేన్లు, రోడ్డు, బొమ్మల్లాంటి బస్సులు. గాలికి ఆమె జడ ఎగిరి మొహం మీద పడింది, తీసుకోలేదు.

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. నాకూ కళ్లు నిండాయి.

ఆయన సంచిలోంచి నీళ్ల సీసా తీసి తల్లికిచ్చాడు. చేతిగడియారం చూసుకున్నాడు. ఎండ ఎటువైపు తిరిగిందో చూశాడు.

“ఇప్పుడే ఎందుకేడుస్తున్నవమ్మా?” అన్నాడు. “ఎక్కుడే అయింది. ఇంక దిగుడున్నది.”